నిద్ర పట్టని రైతు గురించి సంఘం కూడా మాట్లాడాలి

పోయిన జీడి సీజన్లో గిట్టుబాటు ధర కోసం సంతకాలు సేకరిస్తూ వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో ఊళ్లు తిరిగాం. ఎన్ని ఎకరాల తోట, ఎన్ని బస్తాల పిక్కలు, ఏ ధరకు అమ్మారు, అప్పు ఎంత, ఎవరి దగ్గర తెచ్చారు అని అడిగి, అన్నీ పుస్తకంలో గళ్లు గీసి రాసుకున్నాం. పని అయిపోయి బండి ఎక్కబోతుంటే అదే రైతులు రోడ్డు దాకా వచ్చి మరో మాట చెప్పేవారు. "రాత్రి నిద్దర నేదు బాబూ." "గుండి దడదడలాడతంది, గ్యాసేమో." "పిల్లల మీద ఊరికే కేకలేసేస్తన్నాను, ఏటయిపోతన్నానో తెలీడం నేదు." ఈ మాటలు మేం పుస్తకంలో రాసుకోలేదు. రాయడానికి గడి లేదు. "అంతా సర్దుకుంటుందిలే బావా" అని భుజం తట్టి వచ్చేశాం.

తిరిగొచ్చి కమిటీలో కూర్చున్నాక ఆ మాటలే ఎక్కువ గుర్తొచ్చాయి. పదిహేను ఊళ్లలో ఒకే మాట వినిపిస్తే దాన్ని ఒక మనిషి అనారోగ్యం అనుకోలేం. కాబట్టి ఈ నెల ధర గురించీ, ఎరువుల గురించీ కాకుండా దీని గురించి రాస్తున్నాం.

మన దగ్గర దీనికి సరైన పేరు లేదు. నరాల వీక్‌నెస్ అంటారు, వేడి చేసిందంటారు, గాలి సోకిందంటారు, దిష్టి అంటారు. డాక్టర్లు ఒత్తిడి అంటారు. ఆ మాట వినగానే మనకు పట్నంలో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగో, పరీక్ష రాయబోయే ఇంటర్ పిల్లాడో గుర్తొస్తాడు. రైతుకు కష్టం ఉంటుంది, నష్టం ఉంటుంది గానీ ఒత్తిడేమిటి అనుకుంటాం. రైతు కూడా అలాగే అనుకుంటాడు. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్లినా నడుం నొప్పి అని చెబుతాడు తప్ప మూడు నెలలుగా నిద్ర లేదని చెప్పడు.

ఒంట్లో జరిగేదేమిటో తెలుసుకుంటే భయం కొంత తగ్గుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామును గుర్తు తెచ్చుకోండి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు పైగా గాలి. రేకులు ఎగిరిపోతున్నాయి, కొబ్బరి చెట్లు విరిగిపడుతున్న చప్పుడు. ఆ సమయంలో మన మూత్రపిండాల నెత్తిన చిన్న టోపీల్లా ఉండే రెండు అడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని రక్తంలోకి వదిలాయి. గుండె వేగంగా కొట్టుకుంది. కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీసింది. రక్తం పొట్ట నుంచి కాళ్లూ చేతుల కండరాలకు మళ్లింది. నోరు ఎండిపోయింది, ఆకలి చచ్చిపోయింది. ముసలి తల్లిని ఎత్తుకుని పక్క డాబా ఇంట్లోకి పరుగెత్తిన కొడుక్కి అంత బలం ఎక్కడిదంటే ఇక్కడిదే. ఆ వెనకాలే కార్టిసాల్ అనే ఇంకో రసాయనం వచ్చి ఆ బలం కొంతసేపు నిలబడేట్టు చేస్తుంది. ఇది ఒంటికి పుట్టుకతో ఉన్న రక్షణ. ఆ రాత్రి అది మనల్ని కాపాడింది.

ఆపద పోయాక ఇదంతా దానంతటదే ఆగిపోవాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండు గంటలు నీళ్లు తోడి ఆపాల్సిన మోటారును లో వోల్టేజీలో రాత్రింబవళ్లు నడిపిస్తే ఏమవుతుందో మనకు చెప్పక్కర్లేదు. వైండింగ్ కాలిపోతుంది. ఒళ్లూ అంతే. కార్టిసాల్ నెలల తరబడి ఎక్కువగా ఉంటే నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, షుగరు ఉన్నవాళ్లకు అదుపు తప్పుతుంది. కడుపులో మంట, అజీర్తి మొదలవుతాయి. మెడ, భుజాలు, నడుం కండరాలు బిగుసుకుపోయి నొప్పి పెడతాయి. చిన్న పుండు కూడా త్వరగా మానదు. మనసు సంగతికొస్తే, మతిమరుపు, చిరాకు, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాకపోవడం, అందరిలో ఉన్నా ఒంటరిగా అనిపించడం. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఒక సంగతి బయటపడింది. చలి పెట్టినా, అతిగా పరుగెత్తించినా, గాయం చేసినా వాటి శరీరంలో ఒకే రకం మార్పులు వచ్చాయి: అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుళ్లు పడ్డాయి. దెబ్బ ఏదైనా ఒళ్లు ఒకే తీరుగా స్పందిస్తుందని ఆయన చెప్పాడు. తుపాను గాలికీ, గుమ్మం ముందు నిలబడ్డ అప్పులవాడికీ మన ఒంటికి పెద్ద తేడా తెలియదు. తుపాను మాత్రం ఒక్క రాత్రిలో పోతుంది.

ఉద్దానంలో ఈ మోటారు ఎందుకు ఆగడం లేదో మన పంటల్ని చూస్తే అర్థమవుతుంది. వరి రైతుకు పంట పోతే ఒక సీజన్ పోతుంది. అది చిన్న కష్టమని కాదు, కానీ వచ్చే ఏడు మళ్లీ నారు పోస్తాడు. మనది తోటల ప్రాంతం. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు. జీడి మొక్క నాలుగో ఏట పూత పెట్టినా కుదురుగా కాపు ఇవ్వడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. 2013లో పైలిన్, మరుసటి ఏడాది సరిగ్గా అదే అక్టోబరు 12న హుద్‌హుద్, 2018లో తిత్లీ. తాత నాటిన చెట్టు కూలిపోతే మనవడి చదువు, కూతురి పెళ్లి, ముసలితనపు మందులు అన్నీ ఒక్కసారిగా కూలిపోయినట్టే. పరిహారం చెట్టు లెక్కన కట్టారు. చెట్టు లేని ఏడేళ్లను ఎవరూ లెక్క కట్టలేదు. తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తోంది. ఆ రైతు ఇన్నాళ్లూ ప్రతి అక్టోబరులో ఎలా పడుకున్నాడో అడిగిన వాళ్లు లేరు. వాయుగుండం అని టీవీలో స్క్రోలింగ్ రాగానే మన ఊళ్లలో పెద్దవాళ్లు తోట వైపు వెళ్లి ఊరికే నిలబడి వస్తారు. చేసేదేమీ ఉండదని వాళ్లకూ తెలుసు.

పక్కనే ఉన్న ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ తర్వాత పద్నాలుగు నెలలకు మానసిక వైద్యులు కొందరు పిల్లల్ని పరీక్షించారు. దాదాపు నలుగురిలో ఒకరికి ఆ రాత్రి తాలూకు భయం జబ్బుగా మిగిలిపోయి ఉంది. పిల్లలు కాబట్టి బయటపడింది. ఇంటి పెద్దలకు బయటపడే వెసులుబాటు కూడా ఉండదు.

చెట్టు నిలిచినా ధర నిలవదు. పలాస, కాశీబుగ్గ పరిశ్రమలకు ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో దిగుతాయి. అవి ఎప్పుడు ఎంత దిగుతాయో, ఏ ధరకో వజ్రపుకొత్తూరు రైతు చేతిలో లేదు. మార్చిలో మొదటి పిక్కలు రాలేసరికి ఒక ధర, ఏప్రిల్ నెలాఖరుకు ఇంకో ధర. 80 కిలోల బస్తాకు 16 వేలు ఇవ్వాలని మన రైతులు రోడ్డెక్కింది అందుకే. ముందే వ్యాపారి దగ్గర డబ్బు తెచ్చుకున్నవాడు ఆ బేరం కూడా ఆడలేడు. ఒత్తిడి గురించి చదివినవాళ్లు చెప్పే మాట ఒకటుంది. ఎంత కష్టం అన్నది ఒక ఎత్తు అయితే, ఆ కష్టం మీద మనకు ఏమైనా పట్టు ఉందా లేదా అన్నది ఇంకో ఎత్తు. ఎండలో రోజంతా తోట బాగుచేసినవాడికి రాత్రి ఒళ్లు తెలియని నిద్ర పడుతుంది. అదే మనిషి నీడలో కూర్చుని ధర కోసం ఎదురుచూసిన రోజు కునుకు పట్టదు.

కిడ్నీ జబ్బు సంగతి చెప్పకుండా ఉద్దానంలో ఆరోగ్యం గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది. ఒక మాట ముందే స్పష్టం చేస్తున్నాం: ఒత్తిడి వల్ల మనకు కిడ్నీ జబ్బు వస్తోందని మేం అనడం లేదు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేల్చలేదు. ఇన్ని దశాబ్దాలుగా తేల్చకపోవడమే పెద్ద ఒత్తిడి. నీళ్లా, నేలా, ఎండా, మందులా, వంశమా తెలియకుండా అదే బావి నీళ్లు తాగి, అదే తోటలో పనిచేసి బతకడం ఎలా ఉంటుందో కవిటి, కంచిలి, సోంపేట వాళ్లను అడగాలి. క్రియాటినిన్ అన్న మాట మన దగ్గర అయిదో క్లాసు పిల్లకు కూడా తెలుసు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినరు. ఒకటి దాటితే ఒక భయం, రెండు దాటితే ఒక భయం. కొందరు ఆ భయానికే పరీక్ష చేయించుకోరు. అన్నకు వచ్చింది కాబట్టి తనకూ వచ్చే ఉంటుందని, తెలిస్తే ఉన్న నాలుగు రోజులు కూడా పాడవుతాయని తప్పించుకు తిరుగుతారు. భయం మనిషిని ఆసుపత్రికి పంపాలి గానీ ఇక్కడ ఆసుపత్రికి దూరం చేస్తోంది.

ఇక్కడే మా అందరికీ తెలిసిన ఒక చెడ్డ అలవాటు ఉంది. నిద్ర లేక, కండరాలు బిగుసుకుపోయి ఒళ్లంతా నొప్పులు. ఆ నొప్పులు కల్పన కావు, నిజమైన నొప్పులే. కిళ్లీ కొట్టులోనో, మందుల షాపులోనో ఒక నొప్పి బిళ్ల కొనుక్కుంటాం. లేదా ఊళ్లో డాక్టరు చేత సూది వేయించుకుంటాం. సాయంత్రానికి తేలిక పడుతుంది, మర్నాడు మళ్లీ మామూలే, మళ్లీ బిళ్ల. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మందులు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా ఉన్న ఒంటికి ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. జీడి పిక్కలు ఏరే కాలం మండువేసవి అని గుర్తుంచుకోండి. అప్పు దిగులు నడుం నొప్పి అవుతుంది, నడుం నొప్పికి బిళ్ల, ఆ బిళ్ల దెబ్బ కిడ్నీ మీద. బీపీ కూడా ఇలాంటిదే. అదుపులో లేని బీపీ మూత్రపిండాలను చెడగొడుతుంది, చెడిన మూత్రపిండాలు బీపీని ఇంకా పెంచుతాయి. దిగులు మీద సారా తాగి పడుకుంటే నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ అర్ధరాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టదు. ఒళ్లు నొప్పులకు నొప్పి బిళ్ల వేసుకోబోయే ముందు సభ్యులు ఒక్కసారి ఆలోచించండి: ఇది పని నొప్పా, పడుకోని నొప్పా? రోజూ బిళ్ల కావాల్సి వస్తోందంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, బీపీ, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.

ఇప్పటికే డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ఇళ్ల పరిస్థితి వేరు. ఒకప్పుడు విశాఖ కేజీహెచ్ దాకా పోవాల్సి వచ్చేది. తర్వాత సోంపేట, పలాస, టెక్కలి, కవిటి, హరిపురంలో కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛను ఉంది. ఇవన్నీ అడిగి, పోరాడి సాధించుకున్నవి, కాదనం. కానీ వారానికి రెండు మూడు రోజులు నాలుగేసి గంటలు మిషన్ మీద ఉండే మనిషి మనసును చూడటానికి, ఆయన పక్కన స్టూలు మీద కూర్చునే భార్యతో మాట్లాడటానికి ప్రతి కేంద్రంలో ఒక మనిషి ఉండాలి. ఆవిడ ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. ఇంటికెళ్లి వండాలి, తోట చూడాలి, పిల్లలకు "నాన్న బాగానే ఉన్నాడు" అని చెప్పాలి. ఆవిడ బీపీ ఎవరూ చూడరు.

ఆడవాళ్ల దగ్గరకు వచ్చాం కాబట్టి వారం వారం వాయిదాల సంగతి కూడా రాయాలి. జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టి, జీడి రసానికి చేతులు కాల్చుకుని తెచ్చే కూలి నేరుగా మైక్రో ఫైనాన్స్ వాయిదాకు పోతున్న ఇళ్లు మనకు తెలుసు. వాయిదా ముందు రోజు రాత్రి ఆ ఇళ్లలో పొయ్యి వెలిగినా ఎవరికీ ముద్ద దిగదు. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఈ రుణాల వసూలుకు ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, ఇంటికి రాకూడదు. బెదిరించకూడదు, తిట్టకూడదు, బంధువుల్నీ ఇరుగుపొరుగునీ వేధించకూడదు. కుటుంబానికి ఉన్న అన్ని అప్పుల నెలవారీ వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగానికి మించేలా అప్పు ఇవ్వకూడదు. ఈ నిబంధన తెలిసిన సభ్యురాలు మన జిల్లాలో ఎంతమంది ఉన్నారు? రాత్రి 8 గంటలకు గుమ్మం ముందు కూర్చున్న వాడిని "రేపు 9 దాటాక రా బాబూ" అనగలిగితే ఆ ఒక్క రాత్రి నిద్రయినా దక్కుతుంది. ఆవిడ వెనక సంఘం ఉందని వాడికి తెలియాలి, అంతే.

ఒత్తిడిలో ఉన్న మనిషి తెలివి తక్కువగా నడుచుకుంటాడని మనం తరచూ విసుక్కుంటాం. ఎక్కువ వడ్డీకి ఎందుకు తెచ్చాడు, పంట బీమా కాగితం ఎందుకు పెట్టలేదు, సంతకం చేసే ముందు చదువుకోడా అంటాం. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశోధన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒకసారి, కోత తర్వాతే చేతికొస్తుంది. అదే రైతుల్ని కోతకు ముందు, కోత తర్వాత చిన్న చిన్న బుద్ధి పరీక్షలు పెట్టి చూశారు. డబ్బు లేని రోజుల్లో తక్కువగా, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. మనిషి అదే, బుర్ర అదే. డబ్బు గుంజాటనలో ఉన్నప్పుడు ఆ బుర్రలో సగం రేపటి వాయిదా కోసం లెక్కలు కడుతూ ఉంటుంది, మిగతా సగంతోనే పని చేయాలి. కాబట్టి అప్పుల్లో ఉన్న సభ్యుడు ఫారం తప్పు నింపితే తిట్టకండి, పక్కన కూర్చుని నింపించండి.

ఈ వ్యాసం రాస్తామంటే మా కమిటీలోనే ఒక అభ్యంతరం వచ్చింది. అది న్యాయమైనది, దాచడం లేదు. "రైతు సమస్య ధర, అప్పు, భూమి. దాన్ని మనసు జబ్బు అని పేరు మార్చేస్తే ప్రభుత్వానికి అంతకంటే ఏం కావాలి? ధర అడిగితే ధ్యానం నేర్పిస్తామంటారు" అని ఒక సీనియర్ నాయకుడు అన్నారు. ఆ ప్రమాదం ఉంది. గిట్టుబాటు ధర అడిగినవాడికి కౌన్సెలింగ్ కాగితం చేతిలో పెడితే మేమే ముందు రోడ్డెక్కుతాం. బస్తా ధర పెరగకుండా, కౌలు రైతుకు కార్డు రాకుండా ఈ ఒత్తిడి తగ్గదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు, కార్డు రాదు. కార్డు లేక బ్యాంకు అప్పు రాదు, అందుకని వడ్డీ వ్యాపారి. దీనికి మందు బిళ్ల లేదు.

కానీ ఆ నాయకుడికి మేం చెప్పిన జవాబు ఇది. ధర వచ్చేదాకా రైతు బతికి ఉండాలి. రైతు ఆత్మహత్య చేసుకుంటే ఇచ్చే సాయాన్ని ఈ రాష్ట్రంలో 2019లో 7 లక్షలకు పెంచారు. అది ఇవ్వడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న త్రిసభ్య కమిటీ ఇంటికొచ్చి అప్పు పత్రం ఉందా, కౌలు కాగితం ఉందా అని విచారిస్తుంది. మనిషి పోయాక ముగ్గురు అధికారులు వస్తారు. ఆ మనిషి ఆరు నెలలుగా అన్నం మానేసి, చుట్టాలింటికి పోవడం మానేసి, తోట గట్టు మీద ఒక్కడే కూర్చుంటున్నప్పుడు ఒక్కరూ రాలేదు. అధికారుల్నే అనడం ఎందుకు, సంఘం నుంచి మేం కూడా పోలేదు.

సోంపేట బీల కోసం, కాకరాపల్లి తంపర కోసం పోరాడిన రోజులు గుర్తున్నవాళ్లు ఈ పత్రిక చదివేవారిలో చాలామంది ఉన్నారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. తర్వాత ఏళ్ల తరబడి కేసులు, వాయిదాలు, కోర్టుల చుట్టూ తిరగడం. అంతకంటే భయం ఏముంటుంది? అయినా ఆ రోజుల గురించి అడిగితే అక్కడి రైతులు, మత్స్యకారులు దీక్షా శిబిరంలో కలిసి కూర్చున్న సంగతి, అందరికీ ఒకే గుండిగలో వండుకున్న సంగతి చెబుతారు. భయం అందరిదీ అయినప్పుడు ఒళ్లు దాన్ని మోయగలిగింది. ఇప్పటి అప్పు అలా కాదు. ఎవరింట్లో వాళ్లు, తలుపులు వేసుకుని, పక్కింటికి తెలియకుండా మోస్తున్నారు. అప్పు సిగ్గుపడే విషయం అయిపోయింది. కాపు పోయినందుకు, ధర పడిపోయినందుకు సిగ్గుపడాల్సింది రైతు ఎలా అవుతాడో మాకు అర్థం కాదు.

ఇక చేయాల్సిన పని. గుర్తుపట్టడం కష్టం కాదు. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి పోయినవాళ్లు. ఎప్పుడూ వచ్చే రచ్చబండకు, గుడికి, టీ కొట్టుకు రావడం మానేసినవాళ్లు. ఉన్నట్టుండి తాగుడు పెంచినవాళ్లు. "నేను లేకపోతే మీకు ఈ బాధ ఉండదు" లాంటి మాటలు అంటున్నవాళ్లు, వస్తువులు పంచిపెడుతున్నవాళ్లు, అప్పజెప్పినట్టు మాట్లాడేవాళ్లు. అలాంటి వాళ్ల దగ్గరకు వెళ్లి "ధైర్యంగా ఉండు, మగాడివి కదా" అనొద్దు. అది విన్నవాడు ఇంకోసారి నోరు విప్పడు. పక్కన కూర్చుని "రాత్రి నిద్ర పడుతోందా మావయ్యా?" అని అడగండి. చెప్పనివ్వండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది, మనిషి తేలిక పడతాడు. అవును అంటే ఆ రోజు ఆయన్ను ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఆ ఇంట్లోంచి తీసేయించి వేరే చోట తాళం వేసి పెట్టించండి. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లండి, కాగితం రాసిచ్చి పంపకండి. 14416 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. టెలీ మానస్ అంటారు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. సెల్‌లో నొక్కి ఫోన్ ఆయన చేతికివ్వండి.

పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఇంట్లోనే దాచిపెట్టిన సంఘటనలు మన ఊళ్లలో ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చదవండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలనీ, వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదనీ అందులో ఉంది. అలాంటి వారికి చికిత్స, సంరక్షణ, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని కూడా ఉంది. మేం అడిగేది దయ కాదని ఈ సెక్షనే చెబుతోంది. ఆ బాధ్యత ప్రకారం పలాస కిడ్నీ ఆసుపత్రిలో, ప్రతి డయాలసిస్ కేంద్రంలో, టెక్కలి జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య సిబ్బంది ఎప్పుడూ ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నిద్రలేమికి, దిగులుకు మందులు ఉండాలి. తుపాను వస్తే బియ్యం, పప్పు, టార్పాలిన్లతో పాటు మాట్లాడే మనిషి కూడా ఊరికి రావాలి, వారం తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఇంకోసారి. జిల్లా కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో గిట్టుబాటు ధర డిమాండు కిందనే ఈ డిమాండ్లు కూడా చేరుస్తున్నాం.

సంఘం వైపు నుంచి మొదటి పని చిన్నదే. సభ్యత్వ సర్వే పుస్తకంలో ఎకరాలు, బస్తాలు, ధర, అప్పు గడుల పక్కన ఇంకో గడి గీస్తున్నాం: నిద్ర. పట్టడం లేదని చెప్పిన ఇంటికి పదిహేను రోజుల్లోపు మళ్లీ వెళ్లాలి, వెళ్లినవాళ్ల పేరు, తేదీ రాయాలి. వచ్చే నెల మండల కమిటీలకు కొత్త పుస్తకాలు పంపుతాం. జీడి సీజన్ మొదలయ్యే లోపు మొదటి తిరుగుడు పూర్తి కావాలి.